డాక్యుమెంట్స్ ఎక్కడికీ పోలేదు, ఓనర్ మారాడంతే

మా ఆఫీసులో ఐటీ అంటే నేనొక్కడినే. ప్రింటర్ జామైనా, సీసీ కెమెరా ఆగినా ఫోన్ నాకే. అకౌంట్స్ మేడమ్‌కి పాత మెషీన్ హార్డ్‌డిస్క్ పోవడంతో కొత్తది పెట్టాం. అరగంటలో ఫోన్: "బాబూ, నా డాక్యుమెంట్స్‌లో ఒక్క ఫైలూ లేదు. 20వ తేదీకి జీఎస్టీ రిటర్న్ వేయాలి." ఎక్కడికీ పోవండీ, సర్వర్లో ఉంటాయి, ఆ మెషీన్లో మాత్రం ఇప్పుడేమీ సేవ్ చేయకండి అని చెప్పాను. రెండో మాట ఆవిడ చెవిన పడలేదని తర్వాత తెలిసింది.

మా దగ్గర డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ గ్రూప్ పాలసీతో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి పంపే సెట్టింగ్స్) సర్వర్‌కి రీడైరెక్ట్ అవుతాయి, అంటే మళ్లుతాయి. యూజర్‌కి అది సీ డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైళ్లు ఉండేది సర్వర్ షేర్‌లో, అంటే నెట్‌వర్క్ ద్వారా తెరిచే సర్వర్ ఫోల్డర్‌లో. కొత్త మెషీన్లో చూస్తే డాక్యుమెంట్స్ నిజంగానే సీ డ్రైవ్‌ని చూపిస్తోంది. అంటే రీడైరెక్షన్ జరగలేదు.

ఇలాంటప్పుడు చాలామంది ప్రొఫైల్ (మెషీన్లో ఆ యూజర్ సెట్టింగ్స్) డిలీట్ చేస్తారు, లేదా మెషీన్ని డొమైన్ (ఆఫీసు యూజర్లను, కంప్యూటర్లను ఒకేచోట నడిపే వ్యవస్థ) నుంచి తీసి మళ్లీ కలుపుతారు. అది మన ఫీల్డ్‌లో పారాసిటమాల్ లాంటిది, జ్వరం దేనికొచ్చిందో ఎవరూ అడగరు. నేను ముందు, ఏ పాలసీలు అందాయో చూపించే జీపీరిజల్ట్ రిపోర్ట్ తీశాను. 2016 జూన్‌లో వచ్చిన ఎంఎస్16-072 అప్‌డేట్ నుంచి యూజర్ పాలసీలను కూడా డొమైన్లో ఆ కంప్యూటర్ పేరు మీదున్న అకౌంటే చదువుతుంది. ఎవరైనా సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లో (పాలసీ ఎవరికి వర్తించాలో చెప్పే జాబితా) ఆథెంటికేటెడ్ యూజర్స్‌ని (డొమైన్‌లోని యూజర్లు, కంప్యూటర్లు అన్నీ ఉండే గ్రూప్) తీసేసి, వాళ్లకు కనీసం రీడ్ పర్మిషన్ కూడా ఉంచకపోతే పాలసీ అసలు అందదు. ఇక్కడ ఆ గొడవ లేదు, పాలసీ శుభ్రంగా వచ్చింది.

విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిస్తే ఫోల్డర్ రీడైరెక్షన్ పేరుతో ఈవెంట్ 502 ఎర్రగా కూర్చుని ఉంది. కారణం కూడా అక్కడే రాసుంది: ఈ సెక్యూరిటీ ఐడీని (అంటే యూజర్‌ని) ఈ ఆబ్జెక్ట్‌కి (అంటే ఫోల్డర్‌కి) ఓనర్‌గా పెట్టడం కుదరదట.

సర్వర్లో ఆవిడ ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ చూశాను. ఓనర్ దగ్గర ఆవిడ పేరు లేదు, అడ్మినిస్ట్రేటర్స్ అని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు వెండర్ మనిషి వచ్చి యూజర్ ఫోల్డర్లన్నీ కొత్త డ్రైవ్‌కి మార్చాడు. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్‌ని, పర్మిషన్లు అడ్డురాకుండా, బ్యాకప్ మోడ్‌లో నడిపాడు, కానీ కాపీఆల్ స్విచ్ (ఆప్షన్) ఇవ్వలేదు. ఆ స్విచ్ లేకపోతే డేటా, అట్రిబ్యూట్లు, టైమ్‌స్టాంపులే వస్తాయి. పర్మిషన్లు, ఓనర్ రావు. షేర్ పేరు మారలేదు, పాలసీ మారలేదు, కాబట్టి పాత మెషీన్లు రీడైరెక్షన్‌ని మళ్లీ ప్రాసెస్ చేయలేదు. అందరికీ హాయిగా నడిచిపోయింది. కొత్త మెషీన్లో మొదటిసారి లాగిన్ అయితే మాత్రం విండోస్ అన్నీ చెక్ చేస్తుంది. మా పాలసీలో ఫోల్డర్ మీద యూజర్‌కి ఎక్స్‌క్లూజివ్ రైట్స్ (వేరే యూజర్లు తెరవలేని హక్కులు) ఇచ్చే టిక్ ఉంది, అది డిఫాల్ట్‌గానే ఉంటుంది. ఆ టిక్ ఉంటే ఫోల్డర్‌కి ఓనర్ ఆ యూజరే అయి ఉండాలి.

దీనికంటే పెద్ద టెన్షన్ ఇంకోటి బయటపడింది. పాత పర్మిషన్లు రాలేదు కాబట్టి పై ఫోల్డర్ పర్మిషన్లే కిందికి దిగాయి. పై ఫోల్డర్‌లో డొమైన్ యూజర్స్‌కి మోడిఫై ఉంది. అంటే ఏడాదిగా ఆఫీసులో ఎవరైనా సర్వర్ షేర్‌లోకి వెళ్లి జీతాల షీట్ తెరవచ్చు, మార్చనూ వచ్చు. ఎవరూ ఆ దారి పట్టలేదనే అనుకుంటున్నాను. మేనేజర్‌కి మాత్రం ఆ సాయంత్రమే చెప్పాను.

రిపేర్‌కి పెద్ద టైమ్ పట్టలేదు. ముందు బ్యాకప్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, పర్మిషన్లు మార్చే ఐకాకల్స్ కమాండ్‌లో సెట్‌ఓనర్‌తో ఆవిడ ఫోల్డర్‌కి, లోపలివాటికి ఓనర్‌గా ఆవిడనే పెట్టాను. ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ పర్మిషన్లు కిందికి దిగడం) తెంపి ఆవిడకీ, సిస్టమ్‌కీ (విండోస్ సొంత అకౌంట్) ఫుల్ కంట్రోల్ ఇచ్చాను. పాలసీలను మళ్లీ తెప్పించే జీపీఅప్‌డేట్ ఫోర్స్ కమాండ్ కొడితే లాగాఫ్ అడిగింది. ఈ పాలసీ లాగిన్ సమయంలోనే పనిచేస్తుంది, కూర్చున్న చోట జీపీఅప్‌డేట్ ఎన్నిసార్లు కొట్టినా లాభం ఉండదు.

మళ్లీ లాగిన్ అవగానే ఫైళ్లన్నీ కనిపించాయి. ఈలోగా ఆవిడ సీ డ్రైవ్‌లో సేవ్ చేసిన ఎక్సెల్ ఫైళ్లు కూడా సర్వర్‌లోకి చేరిపోయాయి, పాలసీలో కంటెంట్స్ మూవ్ చేసే టిక్ ఉంది కాబట్టి. మిగతా యూజర్ల ఫోల్డర్లకు ఇదే రిపేర్ చేసే పవర్‌షెల్ స్క్రిప్ట్ (విండోస్ కమాండ్ల ఫైలు) రాశాను, ఫోల్డర్ పేరే యూజర్ పేరు కాబట్టి తేలిక. శనివారం అందరూ వెళ్లాక నడుపుతాను.