పొగాకు గోడౌన్ని లాఫ్ట్ ఫ్లాట్లుగా అమ్మాం – నా అనుభవం

ఒంగోల్లో మా పాత పొగాకు గోడౌన్ని లాఫ్ట్ ఫ్లాట్లుగా, అంటే ఎత్తైన కప్పు కింద అటక మీద పడకగది ఉండే ఇళ్లుగా మార్చి హైదరాబాద్, చెన్నై వాళ్లకు అమ్మాం. నిన్ననే ఆఖరి ఫ్లాటు అగ్రిమెంటు రిజిస్టరయింది.

రెరా నంబరు, అంటే ఇళ్ల ప్రాజెక్టులు అమ్మే ముందు ప్రభుత్వం దగ్గర చేయించాల్సిన రిజిస్ట్రేషన్, ఇబ్బంది లేకుండానే వచ్చింది. "పాత బిల్డింగే కదన్నా, రిపేరని చెప్పి ముందే ఫొటోలు పెట్టేద్దాం" అనే బ్రోకర్ల మాట మాత్రం వినకండి. 2016 రెరా చట్టంలో రిపేరుకి మినహాయింపు ఉన్నది ప్రచారం, అమ్మకం లేనప్పుడే. చిన్న ప్రాజెక్టులకిచ్చే మినహాయింపూ మాకు రాదు: స్థలం 500 చదరపు మీటర్లు దాటింది, ఫ్లాట్లు 8 దాటాయి. నంబరు లేకుండా ప్రకటనిస్తే ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా.

బ్రోషర్ చేసినవాళ్లు దూలాలకి జిప్సం సీలింగ్ కప్పమన్నారు. పంపించేశాను.

అసలు అవమానం లోను కోసం ఇంటికి విలువ కట్టే బ్యాంకు వాల్యుయేటర్ వల్ల జరిగింది. ఆ రోజు చెన్నై నుంచి ఆర్కిటెక్ట్ దంపతులొచ్చారు. గానుగ సున్నం గోడలు తడిమి చూశారు, టేకు దూలాలకి ఫొటోలు తీసుకున్నారు. వంటగట్టుకి వేసిన చీమకుర్తి గెలాక్సీ రాయి పక్క ఊరిదేనంటే ముచ్చటపడ్డారు. ఆమె అటక మీది పడకగదిలోంచి దిగనేలేదు. అంతలో ఆ వాల్యుయేటర్ వచ్చి తాళంచెవితో గోడ గీకాడు. "గోడౌనే కదండీ ఇది, అపార్ట్‌మెంటు రేటెట్టా వేస్తాం? పొగాకు వాసన కూడా పోదు" అని వాళ్ల ముందే అనేశాడు. బేళ్లు దించిన రోజుల నుంచీ ఆ గోడౌన్నే నమ్ముకున్న మా నాన్న పక్కనే నిలబడి విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒకప్పుడు ఆకుని రకాలుగా వేరుచేసిన గ్రేడింగ్ హాలు వైపు తొంగి కూడా చూడకుండా, రిపోర్టులో అటక వైశాల్యం కొట్టేసి, కట్టడం వయసుకి తరుగు వేసి లోను సగానికి దించాడు. మందమైన పాత గోడ వేసవిలో ఇల్లెంత చల్లగా ఉంచుతుందో తెలియనివాళ్లు ఇళ్లకు విలువ కట్టడం అన్యాయం!

ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్, గోడౌన్ నుంచి నివాసానికి వాడుక మారినట్టున్న ప్లాను, అటకని విడిగా చూపించే కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) లెక్క ఒక ఫైలుగా కట్టి ఇంకో బ్యాంకుకి ముందే ఇచ్చాం. వాళ్లు ప్రాజెక్టు మొత్తానికి లోన్లకి ఒప్పుకున్నారు. కొనేవాళ్లకీ ఫైలు చూపించాకే తాళం తీశాం. ఆ దంపతులు మళ్లీ రాలేదు గానీ వాళ్ల స్నేహితులు రెండు ఫ్లాట్లు తీసుకున్నారు. ఒంగోల్లో ఇట్టాంటి ఇల్లు ఇంకోటి ఎవరైనా చూపించమనండి!

అడ్వాన్సు విషయంలో బ్రోకర్లు తొందరపెడతారు. అగ్రిమెంటు రిజిస్టరయ్యేదాకా 10 శాతానికి మించి తీసుకోకండి, అదీ చెక్కుగానే.