నానమ్మ చదివించిన నూటపదహార్లు

"ఉరికితే పైసలెవరిస్తారు బిడ్డా?" అని మా అమ్మ అడిగితే, నా కూతురు జవాబు కోసం నా వైపు చూసింది. తెలుగు రాక కాదు. ఆ ప్రశ్న అంతవరకు తనను ఎవరూ అడగలేదు. తను పుట్టి పెరిగిన ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పరుగెత్తి చందా పోగుచేయడం బడి పిల్లలకు కూడా తెలిసిన పని.

దానికి పంతొమ్మిదేళ్ళు. ఏప్రిల్‌లో లండన్ మారథాన్ పరుగెత్తబోతోంది, మొదటిసారి. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఒక సేవాసంస్థ తరఫున చోటు దొరికింది, బదులుగా ఇంత మొత్తం విరాళాలు తెస్తానని మాట ఇచ్చింది. పదహారు వారాల సాధన. సంక్రాంతికి మేము నల్లగొండ వచ్చేసరికి రెండో వారం నడుస్తోంది. పండుగ అయినా, ప్రయాణపు అలసట ఉన్నా ఆదివారం దూరపు పరుగు మాత్రం మానకూడదట.

ఏ సంస్థ కోసమో చెప్పిన రోజు నా మనసు చివుక్కుమంది. మా ఊరు మునుగోడు వైపు. ఆ నేలలో ఉన్న గ్రానైట్ రాళ్ళలోంచి ఊరే నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. ఆ లెక్కలేవీ తెలియక మేము బావి నీళ్ళు, బోరింగు నీళ్ళు తాగి పెరిగాం. నా పళ్ళకు చిన్నప్పుడే పట్టిన గార ఇప్పటికీ ఉంది. మా పెద్దనాన్నకు నలభై ఏళ్ళు దాటకముందే నడుము వంగిపోయింది. మెడ తిరిగేది కాదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. ఆయన గురించి వింటూ పెరిగిన పిల్ల పరుగెత్తితే మా జిల్లా కోసమే పరుగెత్తుతుందని నాలో నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను.

తను ఎంచుకున్నది మా వీధికి దగ్గరలో ఉన్న హాస్పిస్‌ను. ఇక నయం కాదని తేలినవారిని చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే చోటు అది. అక్కడ అలాంటి వాటి ఖర్చులో ప్రభుత్వం ఇచ్చేది కొంతే, మిగతాది జనం ఇవ్వాలి. మా పక్కింటి పెద్దావిడ రెండేళ్ళ క్రితం అక్కడే కన్నుమూసింది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిన రోజుల్లో పిల్లను బడి నుంచి తీసుకొచ్చి, అన్నం పెట్టి, చదివించింది ఆమె. మీ భాషలో నాన్న తల్లిని ఏమంటారని అడిగి తెలుసుకుని, తననూ అలాగే పిలవమంది. మా పిల్ల నోట మొదట 'నానమ్మ' అని పిలిపించుకున్నది ఆమే.

ఇవన్నీ తెలిసి కూడా నేను అడిగాను, మన ఊరి కోసం పరుగెత్తవచ్చు కదా తల్లీ అని. "నాన్నా, పెద్దతాత బాధ మీరు చెబితే విన్నాను. ఈమె మంచం పక్కన నేను కూర్చున్నాను" అంది. నాకు మాట రాలేదు.

ఆ ఆదివారం తెల్లవారుజామున తమ్ముడి స్కూటర్ మీద నీళ్ళ సీసాలు పెట్టుకుని దాని వెనకాలే వెళ్ళాను. పద్నాలుగు కిలోమీటర్లు. చీకట్లో నా బండి దీపమే దానికి దారి. పానగల్లు దాటి ఉదయ సముద్రం కట్ట ఎక్కేసరికి మంచు విడిచింది. చెరువు నిండుగా ఉంది. ఆ నీళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. కృష్ణా నీళ్ళు ఇక్కడికి రావడానికి ఎంతమంది ఎన్నేళ్ళు అడిగారో తెలిసినవాళ్ళకు అది ఉత్త చెరువు కాదు.

కట్ట మీద ఆగి నీళ్ళు తాగుతున్నప్పుడు 1996 ఎన్నికల గురించి చెప్పాను. నల్లగొండ లోక్‌సభ స్థానానికి ఆ ఏడు 480 మంది పోటీ చేశారు. వారిలో ఫ్లోరైడ్ బాధితులు ఎందరో ఉన్నారు. పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దేశమంతా ఒక్కసారి ఇటు తిరిగి చూసింది.

"గెలవరని తెలిసే డిపాజిట్ కట్టారా?"

"తెలిసే కట్టారు."

"ఎవరైనా చూడాలని?"

"అవును."

కాసేపు చెరువు వైపు చూసి, బూటు తాడు బిగించుకుని మళ్ళీ పరుగందుకుంది. నేను బండి తీయలేదు. ఆ పరుగు ఎవరి కోసమో తేల్చే హక్కు నాకు లేదని నాకు అర్థమైంది అక్కడే. నా ఊరు దానికి నేను చెప్పిన కథ. దాని ఊరు దానికి అన్నం పెట్టింది.

సాయంత్రం అమ్మ ప్రశ్నకు అదే జవాబు చెప్పింది, నా సాయం లేకుండా. పక్కింటావిడ గురించి, ఆ చివరి గది గురించి, తనకు వచ్చిన తెలుగులో.

"ఆమెను ఏమని పిలిచేదానివి?"

"నానమ్మ అనే."

అమ్మ ఒక్క క్షణం ఊరుకుంది. "నొప్పి లేకుండా పోయిందా?"

"లేకుండానే."

"మీ పెద్దతాతకు ఆ భాగ్యం లేదు" అని, లోపలికి వెళ్ళి కొంగు ముడి విప్పుకుంటూ వచ్చింది. నూటపదహారు రూపాయలు లెక్కపెట్టి, పెళ్ళిలో చదివించినట్టే, పేరు రాసుకోమంది. అక్కడి లెక్కలో ఇంచుమించు ఒక పౌను. నా కూతురు ఆ నోట్లను తన సంచిలో దాచుకుని, ఫోనులో తన ఖాతా నుంచి ఒక పౌను కట్టింది. పేరు దగ్గర తెలుగు అక్షరాలు ఎలా వస్తాయో నన్ను అడిగి, ఒక్కొక్కటే వెతుక్కుంటూ రాసింది: నానమ్మ, నల్లగొండ.

"రేపు ఎంత దూరం ఉరుకుతావు?" అంది అమ్మ.

"రేపు విశ్రాంతి."

"అయితే ఇంకో రెండు సకినాలు తిను" అని డబ్బా మూత తీసింది.