46 మీటర్ల తాడు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఒక పేజీ రాసి పంపమని కార్యవర్గం వారు కోరారు. హాస్టల్ పప్పుచారు గురించీ, లెక్కల సారు చింతబరికె గురించీ మిగిలినవారు ఎలాగూ రాస్తారు కనుక, నా పేజీని పూర్తిగా సోషల్ సారు తాడుకే కేటాయిస్తున్నాను.

భూమి వయసు సుమారు 460 కోట్ల సంవత్సరాలని అప్పజెప్పడం మనకు క్షణాల మీద పని. సారు ఆ వాక్యాన్ని చదవనివ్వలేదు. బావితాళ్లు ముడివేయించి, మైదానంలో 46 మీటర్లు పరిపించి, మీటరంటే పది కోట్ల సంవత్సరాలని చెప్పి, తాడు మీద ఎవరి చోటు వారే వెతుక్కొమ్మని జట్టుకొక చీటీ ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. ఓరుగల్లు గుట్టల గ్రానైటు జట్టు నేటిని సూచించే ఈ కొస నుంచి 25 మీటర్లు వెనక్కి నడిచి, సగం తాడు దాటి నిలబడింది. బొగ్గు కంటే పాతది ఏముంటుందని వాదించిన సింగరేణి జట్టు మూడు మీటర్ల లోపే ఆగవలసి వచ్చి చిన్నబుచ్చుకుంది. యామనపల్లిలో ఎముకలు దొరికిన రాక్షసబల్లి జట్టు వారికి రెండు మీటర్ల లోపే చోటు దొరికింది. మా చీటీలో వేయిస్తంభాల గుడి, 1163 అని ఉంది. ఎంత లెక్కవేసినా వెంట్రుక మందమైనా రాలేదు. అందరమూ చివరి ముడి మీద తోసుకుంటుండగా హెడ్మాస్టరు గారు వచ్చి, ఈ జట్టుకు పనేమీ ఇవ్వలేదా అని అడగడం మీలో ఎవరూ మరిచి ఉండరు.

అసలు చదువు ఆ తరువాతే మొదలైంది. సారు ప్రతి జట్టు నుంచి ఒక్కొక్కరిని తీసి కొత్త జట్లు కట్టారు. కొత్త జట్టులో గ్రానైటు సంగతి తెలిసినవాడు తానొక్కడే కావడంతో, మన మౌనస్వామి సైతం నోరు విప్పి, ద్రవశిల భూగర్భంలో నెమ్మదిగా చల్లారినందువల్లనే అందులో పలుకులు పెద్దవిగా ఏర్పడ్డాయని వివరించక తప్పలేదు. (సున్నపురాయి పరీక్షకు తెచ్చిన నిమ్మకాయలు ఏమయ్యాయో మూడో జట్టు వారే రాయాలి.)

1971లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి ఇదేనని ఉద్యోగంలో చేరాక తెలిసింది. నేడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం వారికి భూగర్భశాస్త్రం చెబుతున్నాను. ఒక జట్టుకు భూకంపాల పటం, ఒకదానికి అగ్నిపర్వతాలది, మరొకదానికి సముద్రగర్భపు వయసుది ఇచ్చి, ఆపైన కలిపి కూర్చోబెడితే, భూమి పైపొరలోని కదిలే పలకల సరిహద్దులను వారే గీస్తారు. నా దగ్గర చదివి భూపాలపల్లి గనుల్లో చేరినవారు ఆ పటాలను ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు. సిలబస్ వెనకబడుతోందన్న సహోద్యోగుల మాటా నిజమే. అందుకే భూయుగాల పేర్ల పట్టికను మాత్రం బోర్డు మీద రాసి ముగిస్తాను. దానికి జట్లు అక్కరలేదు.