బాలింత జ్వరం కాదది

పాపకు మూడో నెల నిండాక, కార్తీకమాసం మొదట్లో అత్తగారింటికి వచ్చాను. పుట్టిల్లు ముళబాగిలు పక్కన. మెట్టినిల్లు పలమనేరు దాటి, కౌండిన్య అడవి అంచున. రెండున్నర ఎకరాలు, ఇల్లు చేలోనే. అడవికీ మాకూ మధ్య ఒక వంక ఉంది. వంక గట్టంతా లాంటానా పొదలు, మోకాలెత్తు గడ్డి. ఏనుగులు దిగే దారి కూడా అదే కాబట్టి ఆ పక్క చెరకు, అరటి పెట్టం. టమాటా, అనప, మెట్టన వేరుశనగ, ఇంటికి సరిపడా రాగులు, రెండు ఆవులు. పెళ్ళికి ముందే మా ఆయన రసాయన మందులు మానేసి ప్రకృతి సేద్యంలోకి దిగాడు.

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ సేద్యం ఎలా సాగుతుందో దూరం నుంచి చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. ఫోటోలు కూడా బాగా వస్తాయి. అసలు సంగతి, పని ఎక్కువ. జీవామృతం కోసం 200 లీటర్ల డ్రమ్ము నీళ్ళలో 10 కిలోల పేడ, పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, పిడికెడు గట్టుమట్టి వేసి పూటపూటా కలియబెట్టాలి. వేరుశనగ కట్టె, ఎండుగడ్డి మోసుకొచ్చి టమాటా మొదళ్ళలో ఆచ్ఛాదనగా పరవాలి. కలుపు చేత్తోనే తీయాలి. నన్ను బరువు పనికి ఎవరూ పిలవలేదు, నిజం చెప్పాలి. కానీ ఇంట్లో కూర్చుంటే సాంబ్రాణి పొగ, వచ్చేపోయే చుట్టాలు. అందుకని చింతచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టించుకుని, పాప నిద్రపోయినంతసేపు అనపకాయలు కోసేదాన్ని. పాలిచ్చేటప్పుడు గట్టు మీద గడ్డిలోనే కూర్చునేదాన్ని. పాప గుడ్డలు రోజుకు ఎన్ని ఉతుకుతామో లెక్క ఉండదు కదా, తీగ చాలక పొదల మీద ఆరేసేవాళ్ళం. ఊళ్ళో అందరూ చేసేదే.

ఒక సాయంత్రం చలి పుట్టింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు తగ్గలేదు. కళ్ళ వెనక నుంచి పీకే తలనొప్పి. పాపను ఎత్తుకుంటే చేతుల్లో బలం లేదు.

బాలింతకు జ్వరం వస్తే కారణం చెప్పలేనివాళ్ళు ఉండరు. అత్త అంది, "తలకి గుడ్డ కట్టుకోమ్మీ, చెవుల్లో దూది పెట్టుకోమ్మీ అని మొత్తుకున్నా. ఇంకా పచ్చి ఒళ్ళే. ఈ చలిగాలికి చేలోకి పోతే ఏమైతాది?" పెదమామగారి భార్య వచ్చి పాలు గడ్డకట్టాయేమో అని రవిక మీద నుంచే నొక్కి చూసి, వేణ్ణీళ్ళ కాపడం పెట్టమంది. అమ్మ ఫోన్ చేసి మొదట అడిగింది వంకాయ తిన్నానా అని. పక్క చేను అవ్వ మాత్రం గొంతు తగ్గించి అత్తతో 'సన్ని' అన్న మాట, అంటే బాలింతల ప్రాణం తీసే జ్వరం పేరు, అనడం నాకు వినపడింది. ఆ మాటకున్న భయం పల్లెల్లో పెరిగినవాళ్ళకు తెలుసు.

వీళ్ళను ఎగతాళి చేయడానికి రాయడం లేదు ఇది. కాన్పు తర్వాత జ్వరానికి రొమ్ములో చీము, గర్భసంచిలో ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్ నిజంగానే కారణాలవుతాయి. డాక్టర్లు కూడా ముందు వాటినే వెతుకుతారు. నా విషయంలో ఇబ్బంది ఏమిటంటే, అందరి చూపూ అక్కడే ఆగిపోయింది. బాలింత అనే పేరు తగిలించాక నేను చేలో తిరిగే మనిషినని ఎవరికీ గుర్తు రాలేదు. అడిగినవాళ్ళందరూ తిండి గురించి, పాల గురించి అడిగారు. ఎక్కడ కూర్చున్నావు, ఏం పని చేశావు, ఒంటి మీద ఏమైనా కుట్టిందా అని అడగలేదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేస్తే చెమట పట్టి తగ్గేది, రాత్రికి మళ్ళీ వచ్చేది. టౌన్లో ఒక క్లినిక్‌కు వెళ్ళాం. మలేరియా లేదు, డెంగీ లేదు. వైడాల్ పరీక్షలో పాజిటివ్ వచ్చింది కాబట్టి టైఫాయిడ్ అన్నారు, రోజూ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. మన దగ్గర చాలామంది ఒంట్లో పాత ప్రతిరక్షకాలు ఉండటం వల్ల ఒక్క వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే జబ్బుకు పేరు దొరికిందని అందరం తేలికపడ్డాం. అత్త వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళకు, "టైఫాయిడ్ అంటమ్మా, మందు పడింది" అని చెప్పేది.

వారం దాటినా జ్వరం దిగలేదు. పైగా పొడిదగ్గు మొదలైంది. పాలు తగ్గిపోయాయి. పాప రొమ్ము నోట్లో పెట్టుకుని నాలుగు గుక్కలకే వదిలేసి ఏడ్చేది. ఆ ఏడుపు వినడం జ్వరం కన్నా కష్టం. ఒక తెల్లవారుజామున నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను. మా ఆయన ఇంక ఎవరినీ అడగలేదు. కారు మాట్లాడి తిరుపతికి తీసుకెళ్ళాడు. అమ్మ దారిలో ఎక్కింది, పాపను చూసుకోవడానికి.

ఎమర్జెన్సీలో ఆక్సిజన్ పెట్టారు. ప్లేట్‌లెట్లు తగ్గాయి, కాలేయం పరీక్షల్లో అంకెలు పెరిగాయి, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు. అక్కడ ఒక పీజీ డాక్టరమ్మ ఉంది, నాకన్నా చిన్నదేమో. మగవాళ్ళను బయటికి పంపి తెర లాగింది. "ఏమనుకోకక్కా, ఒళ్ళంతా చూడాలి," అంది. చెవుల వెనక, మెడ, చంకలు, నడుము దగ్గర లంగా నాడా కట్టుకునే చోటు, తొడల సందులు, మోకాళ్ళ వెనక. టార్చి వేసి మరీ వెతికింది. ఎడమ రొమ్ము ఎత్తి కింద మడతలో చూసి ఆగిపోయింది. నర్సును పిలిచి చూపించింది. ఫోన్‌తో ఫోటో తీసి నాకూ చూపించింది. సిగరెట్టుతో కాల్చినట్టు గుండ్రంగా నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు, చేతికి తగిలినా తెలియలేదు. పగలూ రాత్రీ పాప నోరు పెట్టే చోటుకు రెండు వేళ్ళ దూరంలో ఉంది అది. అన్ని చేతులు పాల కోసం తడిమిన చోటు.

"స్క్రబ్ టైఫస్," అంది. "పొలం పనికి వెళ్తావా? పొదలు, గడ్డి ఉన్నాయా మీ దగ్గర?"

రైతులకు నల్లి కొత్త కాదు. మిరపకు, వంగకు ఎర్రనల్లి పడితే ఆకు ఎలా మారుతుందో చూస్తూనే ఉంటాం. ఇది వేరే జాతి, మొక్కను కాదు, మనిషిని పట్టేది. అందులోనూ పెద్ద నల్లి కుట్టదు. దాని పిల్ల, ఆరు కాళ్ళది, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. చిగ్గర్ అంటారు. పొదలు, గడ్డి అంచుల్లో ఉండి ఎలుకల మీద బతుకుతుంది. మనం కూర్చున్నప్పుడు ఒంటి మీదికి పాకి, బట్ట బిగుతుగా ఉండే చోటో, చర్మం మడతో వెతుక్కుంటుంది. దానితో వచ్చే బాక్టీరియా పేరు ఓరియెన్షియా సుసుగముషి. కుట్టిన తర్వాత జ్వరం రావడానికి 6 నుంచి 21 రోజులు పట్టవచ్చు, అందుకే ఎవరికీ కుట్టిన సంగతి గుర్తుండదు. వానలు వెనకపట్టాక, చలి మొదలయ్యే నెలల్లో మన వైపు ఎక్కువ. ఈ బాక్టీరియా మన కణాల లోపలికి దూరి బతుకుతుంది. నాకు అన్ని రోజులు ఎక్కించిన సెఫ్ట్రియాక్సోన్ దీని మీద పనిచేయదు.

రక్తం ఐజీఎం ఎలైజా పరీక్షకు పంపారు గానీ ఫలితం కోసం ఆగలేదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరంలోకి ఇచ్చారు. మామూలుగా రెండింటిలో ఒకటి చాలట. ముదిరిన కేసుల్లో రెండూ కలిపి ఇస్తే మేలని మన దేశంలోనే చేసిన ఒక పెద్ద అధ్యయనంలో తేలిందనీ, అది 2023లో వచ్చిందనీ డాక్టరమ్మ మా ఆయనకు చెప్పింది. వెల్లూరు సీఎంసీ వాళ్ళు దాని వెనక ఉన్నారని వినగానే ఆయనకు ధైర్యం వచ్చింది. చిత్తూరు జిల్లా వాళ్ళకు వెల్లూరు అంటే అంత గురి.

నా టెన్షన్ వేరు. పాపకు పాలివ్వవచ్చా? డాక్సీసైక్లిన్ పిల్లల పళ్ళకు మంచిది కాదని ఎక్కడో విని ఉన్నాను. కొద్ది రోజుల కోర్సుకు పాలు మాన్పించనక్కర్లేదని, పాలలోకి వచ్చేది తక్కువ, అందులో పాప ఒంటికి పట్టేది ఇంకా తక్కువ అని చెప్పారు. ఈ జబ్బు పాల ద్వారా పోదు, మనిషి నుంచి మనిషికి అంటదు. అయినా వార్డులోకి పసిబిడ్డను రానివ్వరు కదా. పంపుతో పిండి ఇస్తే మా ఆయన సీసా పట్టుకుని ఎదురుగా ఉన్న లాడ్జికి పరిగెత్తేవాడు. అమ్మ ఉగ్గుగిన్నెతో పట్టేది. మొదట్లో పిండితే వచ్చింది గిన్నె అడుగు తడిసేంత. మామ ఫోన్‌లో, "మన ఆవు పాలు ఉండాయి కదా, నీళ్ళు కలిపి పట్టండి," అన్నాడు. మా ఆవు పాల మీద మాకు గర్వం ఉన్న మాట వాస్తవమే. పిల్లల డాక్టరు ససేమిరా అన్నాడు. ఏడాది లోపు ఆవు పాలు తాగడానికి పట్టకూడదని, చాలకపోతే డబ్బా పాలు పట్టమని రాసిచ్చాడు. మామ ఆ అవమానం ఇప్పటికీ మరిచిపోలేదు.

రెండో రోజు రాత్రికి జ్వరం దిగింది. అన్ని రోజులు ఒంట్లో కూర్చున్నది అంత త్వరగా పోతుందని నేను అనుకోలేదు. సరైన మందు పడితే 48 గంటల్లో తేడా తెలుస్తుందట. ఎలైజా రిపోర్టు పాజిటివ్ అని వచ్చేసరికి నేను లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నాను.

జ్వరం పోయినంత తేలికగా నీరసం పోలేదు. ఇంటికొచ్చాక బిందె కాదు కదా, చెంబు ఎత్తితే చెయ్యి వణికేది. సంక్రాంతి దాటేదాకా ఆయాసం ఉంది. జుట్టు పిడికిళ్ళతో ఊడింది, అది కాన్పు వల్లో జ్వరం వల్లో తెలియదు. పాప డబ్బా పాలకు అలవాటు పడి రొమ్ము పట్టడానికి మొరాయించింది. అత్త వెల్లుల్లి కారం, మునగాకు, మెంతులు, రోజూ సంగటి అని పట్టు పట్టి తినిపించింది. ఆశా కార్యకర్త మాత్రం, తిండి సంగతి సరే, బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పెట్టు, అప్పుడే పాలొస్తాయి అనేది. ఇద్దరి మాటా విన్నాను. పాలు మెల్లగా తిరిగొచ్చాయి. డబ్బా మాత్రం పూర్తిగా మానలేదు, అందులో నాకు బాధేమీ లేదు.

చేను పని సంఘంలోని ఆడవాళ్ళు వంతులు వేసుకుని చేశారు. ఆస్పత్రి, కారు, లాడ్జి ఖర్చులకు వేరుశనగ డబ్బులు పోయాయి.

ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. "గడ్డి పెంచుకుంటిరి, ఆకులు పరుచుకుంటిరి, పురుగులు రాక ఏమొస్తాయి? గడ్డిమందు కొట్టుంటే ఈ పీడ ఉండేదా?" మా ఆయన ఆ మాటకు కుంగిపోయాడు. నాకైతే కోపం వచ్చింది. ఆ వంక గట్టు పొదలు మా మామ చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. నేను చేరిన వార్డులోనే మరో ఇద్దరికి ఇదే జబ్బు. ఒకామె మందులు కొట్టే చేలల్లో కూలికి పోయేది, ఇంకొకాయన గొర్రెలు కాసేవాడు. ఎలుకలు, పొదలు, తేమ ఎక్కడుంటే అక్కడ ఇది ఉంటుంది. అలాగని మాకు సంబంధం లేదని చేతులు దులుపుకోలేదు. ఇంటి చుట్టూ, నడిచే దారి పక్కన గడ్డి కురచగా కోసేస్తున్నాం. ఎలుకలు చేరకుండా వేరుశనగ కట్టె వామిని ఇంటికి దూరంగా జరిపాం. లాంటానా సగం నరికాం, మిగతాది ఏనుగుల సీజన్ పోయాక. ఆచ్ఛాదన మానలేదు. కాకపోతే నిండు చేతుల చొక్కా, బూట్లు వేసుకుని పరుస్తున్నాం, రాగానే స్నానం, బట్టలు వేడినీళ్ళలో. గుడ్డలు తీగ మీదే ఆరేస్తున్నాం. పాలివ్వడానికి మా ఆయన చింతచెట్టు కింద రాతిబండ వేయించాడు. గడ్డిలో కూర్చోవడం బంద్.

ఒకసారి వచ్చిందని మళ్ళీ రాకూడదని లేదు. ఇందులో రకాలు చాలా ఉన్నాయి, టీకా లేదు.

మరుసటి ఏడు చలికాలంలో మా ఆవులు కాసే పిల్లవాడికి జ్వరం వచ్చింది. అత్త వాణ్ణి గదిలోకి తీసుకుపోయి చొక్కా విప్పించి, చెవుల వెనక నుంచి మోకాళ్ళ వెనక దాకా వెతికింది. వాడు సిగ్గుతో చచ్చాడు. ఎక్కడా మచ్చ దొరకలేదు. "లేదులే, మామూలు జ్వరమే," అనేసింది. పక్కు అందరికీ కనిపించదని డాక్టరమ్మ అన్న మాట చెప్పి, నేనే పీహెచ్‌సీకి పంపాను. వాడు చేలో, పొదల్లో తిరుగుతాడని చీటీ మీద రాసిచ్చాను, వాడు చెప్పడని తెలుసు. అక్కడ డాక్టరు ఆ చీటీ చదివి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, రక్తం జిల్లా ల్యాబ్‌కు పంపాడు. స్క్రబ్ టైఫసే. నాలుగో రోజుకు వాడు ఆవుల వెంట ఉన్నాడు. అత్తకు మాత్రం ఆ మచ్చ ఎందుకు దొరకలేదో అర్థం కాలేదు. వాడు కనపడినప్పుడల్లా, "రారా, ఇంకోసారి చూస్తా," అంటుంది. వాడు వంక దాటి పరిగెడతాడు.