60 నిమిషాల ఆటేగా అనుకున్నా

నిన్న మావాడి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే ఆట) మ్యాచ్‌కి వెళ్లాం, టెక్సస్‌లో. ఆట 60 నిమిషాలే కదా, ఆరింటికి మొదలైతే ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చి అన్నం వండుకోవచ్చులే అనుకున్నా. స్టేడియంలోంచి బయటపడేసరికి పది!

టీవీలో చూసేవాళ్లకి తెలీదు కానీ, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన గ్రౌండ్‌లోకి నడిచొచ్చి నిలబడతాడు. అంతే, ఆట బంద్. టీవీలో యాడ్స్ అయ్యేదాకా ఆయన కదలడు. 22 మంది ఆటగాళ్లూ నడుం మీద చేతులేసుకుని ఎదురుచూస్తుంటారు. మూడో క్వార్టర్‌కల్లా నాకు ఆయనంటే పగ పుట్టింది.

పాస్, అంటే విసిరిన బంతి, ఎవరూ పట్టకుండా కింద పడితే గడియారం ఆగుతుంది. ఇప్పుడేమో అందరూ పాస్‌లే వేస్తారాయె. రీప్లే చూడాలంటే మళ్లీ ఆపుడు. హాఫ్‌టైమ్ 20 నిమిషాలు (బ్యాండ్ మాత్రం అదరగొట్టింది). 2023లో ఫస్ట్ డౌన్ (పది గజాలు ముందుకెళ్లి కొత్తగా అవకాశాలు దక్కించుకోవడం) వచ్చినప్పుడల్లా గడియారం ఆపడం చాలావరకు మానేశారట, హమ్మయ్య అనుకునేలోపు 2024లో ప్రతి హాఫ్ చివరా, ఇంకా రెండు నిమిషాలుండగా ఆట ఆపే టూ మినిట్ టైమౌట్ పెట్టారు. అప్పుడూ యాడ్సే.

పక్క సీటు పెద్దాయన దుప్పటీ, మెత్తా తెచ్చుకున్నాడు. చలికి వణుకుతున్న నన్ను చూసి, "మొదటిసారా?" అన్నాడు.