కొత్త వరుసలో క్యాలెండర్ ఎందుకు పనిచేయదు?

ఉద్యోగ దరఖాస్తు ఫారంలో గత అనుభవం అడిగే భాగం దాదాపు ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. సంస్థ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉన్న ఒక వరుస, దాని కింద ‘మరో వరుస చేర్చు’ అనే బటన్ కనిపిస్తాయి. మొదటి వరుసలో తేదీ గడిని నొక్కగానే క్యాలెండర్ చక్కగా తెరుచుకుంటుంది గానీ, బటన్ నొక్కి తెచ్చుకున్న రెండో వరుసలో ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. కొన్ని ఫారాల్లో ఇంతకన్నా విచిత్రం జరుగుతుంది: రెండో వరుసలో క్యాలెండర్ తెరుచుకుంటుంది, మనం తేదీ ఎంచుకుంటాం, అది పోయి మొదటి వరుసలో పడుతుంది. ఈ రెండింటికీ కారణాలు వేరు. వెబ్‌పేజీలకు క్యాలెండర్ అందించే జేక్వెరీ యూఐ డేట్‌పికర్ అనే లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన కోడ్‌తో) నడిచే పాత ఫారాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొదటిది తేలికైన విషయం. పేజీ తెరుచుకోగానే నడిచే కోడ్, ఫలానా క్లాస్ (గడులకు పెట్టే గుర్తు పేరు) ఉన్న గడులన్నింటికీ క్యాలెండర్ తగిలించమని చెబుతుంది. ఆ క్షణానికి పేజీలో ఉన్న గడులకే ఆ మాట వర్తిస్తుంది. తర్వాత పుట్టే గడుల సంగతి దానికి తెలియదు. కాబట్టి వరుస చేర్చిన ప్రతిసారీ ఆ కొత్త గడులకు విడిగా తగిలించాలి.

అసలు చిక్కు అలా తగిలించినా పనిచేయనప్పుడు మొదలవుతుంది. చాలామంది కొత్త వరుసను మొదటి వరుస నుంచి క్లోన్ చేసి, అంటే నకలు తీసి, తయారుచేస్తారు. అప్పటికే మొదటి వరుసను క్యాలెండర్ తాకి ఉంటుంది. తాకినప్పుడు అది ఆ గడికి ‘హ్యాజ్‌డేట్‌పికర్’ అనే క్లాస్ గుర్తుగా పెడుతుంది. గడికి ఐడీ (ఆ ఒక్క గడికే చెందాల్సిన పేరు) లేకపోతే ‘డీపీ’ అనే అక్షరాల తర్వాత ఒక పెద్ద అంకె చేర్చి తానే ఐడీ ఇస్తుంది. క్లోన్‌లో ఈ రెండూ యథాతథంగా వచ్చేస్తాయి. కొత్త గడికి క్యాలెండర్ తగిలించబోతే, గుర్తు క్లాస్ కనిపించడంతో ఇది వరకే తగిలించి ఉందనుకుని లైబ్రరీ ఏ ఎర్రర్ కూడా చూపకుండా వెనుదిరుగుతుంది. బ్రౌజర్ ఎర్రర్లు చూపే కన్సోల్‌లో ఒక్క ఎర్ర గీత కూడా ఉండదు గనుక కారణం పట్టుకోవడానికి గంటలు పడుతుంది.

ఆ క్లాస్ తీసేసి ఐడీని వదిలేస్తే రెండో విచిత్రం బయటపడుతుంది. పేజీలో ఎన్ని తేదీ గడులున్నా, తెరుచుకునే క్యాలెండర్ పెట్టె ఒక్కటే; అన్ని గడులూ దాన్నే పంచుకుంటాయి. తేదీ నొక్కగానే ఏ గడిలో రాయాలో ఐడీని బట్టి వెతుకుతుంది. ఒకే ఐడీ రెండు గడులకు ఉంటే బ్రౌజర్ మొదటిదాన్నే చూపిస్తుంది కాబట్టి తేదీ మొదటి వరుసకు చేరుతుంది. క్లోన్‌కు ‘ట్రూ’ ఇచ్చి ఈవెంట్లు (నొక్కు వంటి వాటికి స్పందించే కోడ్), డేటా కూడా నకలు తీసినా ఫలితం ఇదే, ఎందుకంటే నకలు గడి పట్టుకుని ఉన్న డేటా పాత గడినే సూచిస్తుంది. గడి పక్కన క్యాలెండర్ బొమ్మ బటన్ పెట్టుకున్నవారికి అదనంగా మరో బహుమానం దక్కుతుంది: నకలుతో వచ్చిన బటన్ ఒకటి, కొత్తగా తగిలించినప్పుడు పుట్టిన బటన్ ఒకటి, వెరసి రెండు బొమ్మలు పక్కపక్కనే నిలబడతాయి.

క్లాస్ తీసి, ఐడీ తీసి, అదనపు బటన్ తీసి, ఆ తర్వాత తగిలించడం ఒక పద్ధతి. అది పనిచేస్తుంది గానీ నాకు నచ్చదు. మురికి చేసి కడుక్కోవడం కన్నా క్యాలెండర్ ఎన్నడూ తాకని వరుసనే మూలంగా ఉంచుకోవడం మేలు. హెచ్‌టీఎంఎల్‌లోని టెంప్లేట్ ట్యాగ్ సరిగ్గా ఇందుకే ఉపయోగపడుతుంది. దాని లోపలి గడులు పేజీలో భాగం కావు. పేజీ మొత్తాన్ని వెతికే సెలెక్టర్‌కు కూడా అవి దొరకవు. బటన్ నొక్కినప్పుడు టెంప్లేట్ నుంచి వరుసను తీసి, పట్టికలో చేర్చి, ఆ వరుస లోపల మాత్రమే వెతికి దొరికిన గడులకు క్యాలెండర్ తగిలించాలి. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒకే ఫారాన్ని పలుమార్లు చూపే ఫామ్‌సెట్ వాడేవారికి ఖాళీ ఫారం రూపంలో ఇలాంటి మూలం ముందే దొరుకుతుంది. అందులో ‘ప్రిఫిక్స్’ అన్న చోట వరుస సంఖ్య పెట్టి, మొత్తం ఫారాల సంఖ్య దాచిన గడిని ఒకటి పెంచితే చాలు. ఆ సంఖ్య పెంచడం మరిచిపోతే క్యాలెండర్ బాగానే ఉన్నా సర్వర్ కొత్త వరుసను పట్టించుకోదు.

వరుసలు మన చేతిలో లేని కోడ్ నుంచి వస్తున్నప్పుడు మాత్రం ఈవెంట్ డెలిగేషన్‌ను, అంటే ఒక్కో గడికి కాక వాటిని కలిగిన పట్టికకే ఈవెంట్ తగిలించే పద్ధతిని, ఆశ్రయించక తప్పదు. ఒకప్పుడు ఇందుకు ‘లైవ్’ వాడేవారు, జేక్వెరీ 1.7తో ‘ఆన్’ వచ్చింది, 1.9లో లైవ్‌ను పూర్తిగా తీసేశారు. ఇంటర్నెట్‌లోని పాత జవాబులను నకలు చేసుకుంటే ఇక్కడే దెబ్బ తింటాం. పట్టికకు ఫోకస్ ఈవెంట్ తగిలించి, గుర్తు క్లాస్ లేని తేదీ గడిలోకి కర్సర్ రాగానే అప్పటికప్పుడు క్యాలెండర్ తగిలించవచ్చు. మొదటి నొక్కుకే తెరుచుకోవాలంటే వెంటనే ‘షో’ను కూడా పిలవడం భద్రం.

చేరిన తేదీ కన్నా మానేసిన తేదీ ముందుండకూడదన్న నియమం పెట్టేటప్పుడు ఐడీల జోలికి వెళ్లకండి. తేదీ ఎంచుకున్న గడి నుంచి ‘క్లోజెస్ట్’తో దాని వరుసకు ఎక్కి, అక్కడి నుంచి రెండో గడికి దిగి, దాని కనిష్ఠ తేదీని మార్చాలి. తేదీ రూపం, వారాల పేర్లు వంటివి ప్రతి వరుసకూ ఇవ్వకుండా ‘సెట్‌డిఫాల్ట్స్’లో ఒకసారి ఇస్తే, తర్వాత పుట్టే వరుసలకూ అవే వస్తాయి. వారాలను ఆది, సోమ, మంగళ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఈ లైబ్రరీలో తేదీ రూపంలో రెండు ‘వై’లు రాస్తే నాలుగంకెల సంవత్సరం వస్తుంది, నాలుగు రాస్తే 2024 పక్కనే మరో 2024 కనిపిస్తుంది.

వరుస తీసేసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఫ్లాట్‌పికర్ వంటి లైబ్రరీల్లో ఒక్కో గడికి ఒక్కో క్యాలెండర్ పెట్టె పేజీ బాడీ చివర చేరుతుంది. ‘డిస్ట్రాయ్’ పిలవకుండా వరుసను తీసేస్తే ఆ పెట్టెలు అక్కడే మిగిలిపోతాయి.

ఇంత శ్రమ అవసరమా అంటే, కొత్తగా రాసే ఫారానికి చాలాసార్లు అవసరం లేదు. బ్రౌజర్ సొంత తేదీ గడి క్రోమ్‌లో 2012 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2017 నుంచి, మ్యాక్ సఫారీలో 2021 నుంచి ఉంది. ఎన్ని వరుసలు చేర్చినా దానికి ఏదీ తగిలించనక్కర్లేదు, తెరపై ఎలా చూపించినా సర్వర్‌కు సంవత్సరం, నెల, రోజు వరుసలోనే పంపుతుంది. పైగా జేక్వెరీ యూఐ 2021 నుంచి నిర్వహణ దశలోనే ఉంది. అయితే సెలవు దరఖాస్తులో రెండో శనివారాలు, ఆదివారాలు నొక్కడానికి వీల్లేకుండా చేయాలంటే ఏ రోజులు నొక్కవచ్చో నిర్ణయించే ‘బిఫోర్‌షోడే’ ఉన్న లైబ్రరీయే సుఖం. పుట్టిన తేదీ గడికి మాత్రం నేను ఏ క్యాలెండరూ పెట్టను. 1962కు నెల నెలా వెనక్కి నడిపించే బదులు రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న గడులిచ్చి అంకెలు కొట్టమంటాను.