ఎర్రని తొడలు చూసేదాకా

కందిరీగలను శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టిన తొలి వేసవిలో, పచ్చగా తళతళలాడే కందిరీగ ఏది కనిపించినా నా పుస్తకంలో ‘జువెల్ వాస్ప్’ అని రాసుకునేదాన్ని. వాటిలో చాలా పద్దులు తప్పని తరువాత తెలిసింది. ఆ పేరు ఒక్క జీవిది కాకపోవడం అందుకు మొదటి కారణం. బొద్దింకలను వేటాడే ఆంప్యులెక్స్ కంప్రెస్సాను ఆ పేరుతో పిలుస్తారు. ఇతర కందిరీగల, ఒంటరి తేనెటీగల గూళ్లలో దొంగచాటుగా గుడ్లు పెట్టే క్రైసిడిడే కుటుంబాన్నీ అలాగే పిలుస్తారు. ఈగల ప్యూపాల (పూర్తి ఈగగా మారే ముందు దశ) మీద పెరిగే, రెండు మిల్లీమీటర్ల పొడవుండే నసోనియాకూ అదే పేరుంది. అంత చిన్నదాన్ని ఆరుబయట కంటితో గుర్తుపట్టే ఆశ నేను పెట్టుకోలేదు కనుక, మొదటి రెండింటినీ వేరు చేయడమే నా పనైంది.

రంగును నమ్మడం నేను చేసిన అసలు పొరపాటు. ఆ మెరుపు వర్ణద్రవ్యం వల్ల వచ్చేది కాదు. దేహపు పైపెంకులో ఒకదానిపై ఒకటి పరచుకున్న అతి పలుచని పొరల నుంచి వెనుదిరిగే కాంతి వల్ల పుడుతుంది. అందువల్ల అదే పురుగు ఎండలో పచ్చగా, కాస్త పక్కకు తిరిగితే నీలంగా, నీడలోకి వెళితే దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలు నన్ను మరింత తికమకపెట్టాయి. రంగును పక్కనపెట్టి ఆకారాన్నీ, నడవడినీ రాసుకోవడం మొదలుపెట్టాకే పని ముందుకు సాగింది.

క్రైసిడిడే జాతులు ముందుగా తేలాయి. అవి పొట్టిగా, గట్టిగా ఉంటాయి. ఒంటినిండా సూదితో పొడిచినట్టు సన్నని గుంటలుంటాయి. పైనుంచి చూస్తే చాలా జాతుల ఉదరంలో మూడు ఖండాలే కనిపిస్తాయి, దాని అడుగుభాగం లోపలికి వంగి దొన్నెలా ఉంటుంది. ఆ వంపు దేనికో ఒక పాత గోడ దగ్గర కళ్లారా చూశాను. మట్టిగూటి చుట్టూ ఒక పచ్చని పురుగు చాలాసేపు తచ్చాడింది. గూడు కట్టుకున్న కందిరీగ తిరిగివచ్చి మీద పడగానే అది ఉండలా చుట్టుకుని నేల మీద పడింది, కాసేపటికి లేచి మళ్లీ అదే గూటికి చేరింది. భ్రమరకీటక న్యాయంలో మనం చెప్పుకునే గూడు ఇటువంటిదే. లోపల పెట్టిన పురుగు కందిరీగగా మారదు, కందిరీగ పిల్లకు ఆహారమవుతుంది. ఆ ఆహారం కోసం మూడో జీవి కూడా కాచుకుని ఉంటుందని ఆనాడు చూశాను. కాకి గూట్లో గుడ్డు పెట్టే కోకిల తీరు ఇది, ఇంగ్లీషులో వీటికి కుక్కూ వాస్ప్ అనే పేరు రావడానికీ అదే కారణం.

ఆంప్యులెక్స్ దొరకడానికి ఇంకా చాలాకాలం పట్టింది. దాని కోసం పూల దగ్గర వెతకడం మాని, బొద్దింకలు దాగే చోట్లు, అంటే చెట్ల మొదళ్లు, గోడ పగుళ్లు, తేమగా ఉండే మూలలు చూడసాగాను. అది ఎగరడం కన్నా పరుగెత్తడమే ఎక్కువ. మీసాలతో తడుముకుంటూ, ఆగి, మళ్లీ ఉరుకుతుంది. ఆడది సుమారు 22 మిల్లీమీటర్లుంటుంది, మగది అంతకన్నా చిన్నది. దేహం సన్నగా సాగి, తలకూ వక్షానికీ నడుమ మెడలాంటి భాగం స్పష్టంగా కనిపిస్తుంది. కీచురాళ్లను వేటాడే మరో కందిరీగ క్లోరియన్ లోబాటమ్ కూడా ఇదే మెరుపుతో సన్నగా ఉంటుంది గానీ, దాని నడుము పొడవైన కాడలా ఉంటుంది. నాకు అనుమానం పూర్తిగా తీరింది మాత్రం కాళ్లు చూశాకే: ఆంప్యులెక్స్ కంప్రెస్సాకు నడిమి, వెనుక కాళ్ల తొడలు ఎర్రగా ఉంటాయి. ఏ వెలుగులో చూసినా ఆ ఎరుపు పచ్చగా మారదు.

వేటలో చివరి ఘట్టం ఒక్కసారే చూడగలిగాను. తనకన్నా పెద్దదైన బొద్దింకను మీసం పట్టుకుని అది వెనక్కి నడుస్తూ తీసుకుపోతోంది. బొద్దింక పెనుగులాడకుండా తన కాళ్లతోనే వెంట నడుస్తోంది, దాని మీసాలు సగానికి తెగి ఉన్నాయి. మొదటి కాటు వక్షంలో పడి ముందుకాళ్లను కొద్ది నిమిషాలు చచ్చుబడేలా చేస్తుందని, రెండోది నేరుగా తలలోని నాడీకేంద్రాలకు చేరి తనంతట తాను కదిలే చొరవను తీసేస్తుందని ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడెరిక్ లిబెర్సాట్ బృందం చూపించింది. తెలిసిన సంగతే అయినా, ఎదురుగా చూస్తుంటే ఒళ్లు జలదరించింది. పగులులోకి చేర్చాక అది బొద్దింక కాలి మొదట్లో ఒక గుడ్డు పెడుతుంది. ఆ భాగం నాకు కనిపించలేదు. బయటికి వచ్చి చిన్న రాళ్లు, పుల్లముక్కలు ఒక్కొక్కటే తెచ్చి పగులు పూడ్చడం మాత్రం చివరిదాకా చూశాను.

ఆ సాయంత్రం పాత పద్దులన్నీ తిరగేశాను. ఉదరపు వంపు కనిపించినవాటిని క్రైసిడిడే కింద మార్చాను. కాళ్లు కనిపించని ఫొటోల పక్కన ‘నిర్ధారణ కాలేదు’ అని రాశాను. ఇప్పుడు ప్రతి పురుగునూ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కాళ్లు స్పష్టంగా పడేలా మరొకటి ఫొటో తీసుకున్నాకే పేరు రాస్తున్నాను.